మనిషి పడని ఫోటో

"మూడింటికంతా ఆ ముసిలామె కండ్లు తెరిపిచ్చి పెట్టు నజ్మా. వాళ్ళొస్తారు," అన్నాడు జాకీర్ పప్పు కలుపుకుంటూ.

కొత్తవాళ్ళు వింటే హడలిపోతారు గానీ మా ఇంట్లో ఇది పాలు పొంగాయా అని అడిగినంత మామూలు మాట. మాది వాకాడు బజారులో ఫోటో స్టూడియో. కింద అంగడి, వెనక గదిలో కంప్యూటరూ ఫ్లెక్సు మెషీనూ, పైన ఇల్లు. ఈ సముద్రం ఒడ్డు ఊళ్ళలో ఎవరైనా పోయాక గానీ వాళ్ళ ఫోటో ఒక్కటీ లేదని ఇంట్లోవాళ్ళకి గుర్తు రాదు. మగవాళ్ళకి ఎక్కడో ఒకటి దొరుకుతుంది, ఎవరి పెళ్ళిలోనో, ఏ నాయకుడి పక్కనో. ఆడవాళ్ళకి ఆధార్ కార్డులో ఉన్న మసక బొమ్మే. అందుకని శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, గోడకి ఆనించి, జాకీర్‌కి కబురు పెడతారు. అతను వెళ్ళి తీసుకొస్తాడు. ఆ మూసిన కళ్ళని తెరిపించేది నేను. మెడలోకి గొలుసు, ఒంటి మీదకి పట్టుచీర, వెనక పూలతోట, అన్నీ కంప్యూటర్లో ఉంటాయి. కళ్ళు మాత్రం ఎవరివో ఒకరివి తేవాలి. మొదటిసారి ఆ అవసరం పడినప్పుడు జాకీర్ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, లైట్లు వేసి, నా కళ్ళని మాత్రం మూడు వైపుల నుంచీ తీశాడు. "ఊరికే పడుండే కండ్లే గదా," అన్నాడు. అప్పటి నుంచీ ఈ చుట్టుపక్కల చచ్చిపోయిన ఆడవాళ్ళందరూ నా కళ్ళతోనే చూస్తున్నారు. ముడతలు కలుపుతాను, రెప్పలు వాలుస్తాను, ముసలివాళ్ళకైతే కాస్త మసక వేస్తాను. ఒకసారి ఒక పెద్దాయన పటం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "మా ఆడమనిషి కండ్లు ఇట్టా ఉండవే," అన్నాడు. "మనిషి పోయినాక అట్టనే అనిపిస్తాది పెద్దాయనా," అన్నాడు జాకీర్. ఎన్ని ఇళ్ళలో పూలదండ కింద, చిన్న బల్బు వెలుగులో నా కళ్ళు వేలాడుతున్నాయో నాకు తెలియదు. నా మొహం పూర్తిగా ఉన్న ఫోటో మాత్రం మా ఇంట్లో ఒక్కటీ లేదు.

ఈ పని నాకు జాకీర్ నేర్పలేదు. మా నాయన మదార్‌కి గూడూరులో రైల్వే గేటు పక్కన స్టూడియో ఉండేది. నెగటివ్ మీద పెన్సిల్‌తో మచ్చలు సర్దడం పావడాల వయసులోనే ఆయన దగ్గర నేర్చుకున్నాను. ప్రతి నెగటివ్‌నీ కవర్లో పెట్టి అల్మారాలో దాచేవాడు మా నాయన. గిరాకీ వచ్చి అడిగినా అడగకపోయినా పారేసేవాడు కాదు. "ఇది మనది గాదు బిడ్డా, అమానత్. ఎవురిదో మన కాడ ఉండాది, అంతే," అనేవాడు. జాకీర్ ఆయన దగ్గర పనికి కుదిరినవాడు. నాయన పోయాక ఆయన కెమెరాలతో పాటు నన్నూ తీసుకుని వాకాడు వచ్చాడు. బోర్డు మీద జాకీర్ పేరు, బిల్లు మీద జాకీర్ పేరు. "జాకీర్ భాయ్ చేతిలో ఏందో ఉండాది," అని గిరాకీలు మెచ్చుకుంటుంటే తెర వెనక నాకు వినపడుతూనే ఉంటుంది. అప్పుడు నేను ఒక చేత్తో ఎవరి పెళ్ళికూతురినో తెల్లగా చేస్తూ, మేడ మీద కుక్కరు కూతకి చెవి పెట్టి ఉంటాను. పొద్దున లేస్తే నీళ్ళు పట్టడం, అత్తకి ఇన్సులిన్ సూది, నాస్తా, వంట, బట్టలు, వాటి మధ్యలో ఆల్బములు. కంప్యూటరు ముందు కూర్చోవడం పని కిందకి రాదు. "నీడపట్టున కూచోని బొమ్మలు జూసేదానికి నడుం నొప్పి గూడానా. మేం బీడీలు జుట్టి బతికినాం," అంటుంది మా అత్త ముంతాజ్ బేగం. ఆవిడ బీడీలు చుట్టిన మాట నిజమే, ఆ వేళ్ళు ఇంకా వంకరగానే ఉన్నాయి. ఆ వేళ్ళతోనే నన్ను చూపిస్తుంది. పిల్లల్లేని దాన్ని కాబట్టి నాకు అలసట కూడా ఉండకూడదని ఇంట్లో అందరి లెక్క.

పోయిన క్రిస్మస్ ముందు మాట ఇది. ఆ నెలంతా పాస్టర్లు ఫ్లెక్సుల కోసం వస్తారు. స్వస్థత కూటములు, యౌవనస్థుల సభలు, క్రిస్మస్ ఆరాధనలు. ఎవరు వచ్చినా జాకీర్ ఒకే చర్చి బొమ్మ వేస్తాడు. ఎక్కడో విదేశంలోది, రాతి గోడలు, సూదిలాంటి శిఖరం, కప్పు నిండా మంచు. వేడికి తారు కరిగే మా రోడ్ల మీద ప్రతి మలుపులోనూ ఆ మంచు చర్చే. దిబ్బపాలెం కాలనీ చర్చి ఫ్లెక్సు తీసుకుపోవడానికి రెబెక్కమ్మ వచ్చింది. అక్కడ చర్చి చిమ్మి, నీళ్ళు పట్టి, గంట కొట్టే మనిషి. మా వాళ్ళలో ఏ ఆడమనిషైనా ఆమెకి బీబమ్మే. ఫ్లెక్సు విప్పి చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇది మా గుడి గాదే బీబమ్మా. మా గుడికాడ మంచు యాడిది, ఉప్పు తప్ప."

"ఎవురు జూస్తార్లే," అన్నాడు జాకీర్.

"నేను జూస్తా గదయ్యా. దినామూ చిమ్మేది నేనే," అంది ఆమె.

తెర వెనక నేను నవ్వుకున్నాను. తర్వాత ఆ మాట నన్ను వదల్లేదు. కంప్యూటర్లో ఎంత వెతికినా మా వైపు చర్చి ఒక్కటీ దొరకలేదు. సరే, నేనే తీస్తాను అనుకున్నాను. చిట్టమూరు పొలిమేర నుంచి సముద్రం దాకా ఎన్ని చర్చిలుంటే అన్నీ. ఎవరూ అడగలేదు, పోటీ ఏదీ లేదు, బహుమతి లేదు. ఫోన్లో ఆడపిల్లలు చీరల ఛాలెంజ్ అనీ, ఒళ్ళు తగ్గే ఛాలెంజ్ అనీ పెట్టుకుంటారే, ఇది నాకు నేను పెట్టుకున్నది. షరతులు కూడా నావే. చర్చికి ఒక్క ఫోటో. నేల నుంచి శిలువ దాకా మొత్తం రావాలి. మనిషి మాత్రం పడకూడదు. ఆ చివరిది జాకీర్ కోసం పెట్టింది. మనిషి పడిన ఫోటో ఫ్లెక్సుకి పనికిరాదు. "మన సొంత బొమ్మలుంటే పాస్టర్లందరూ మన దగ్గరికే వస్తారు," అని వ్యాపారం మాట కలిపితే గానీ అతను ఒప్పుకోలేదు. పాత కెమెరా ఇచ్చాడు. వంట చేసి, అత్తకి అన్నం మూతపెట్టి, బురఖా వేసుకుని స్కూటీ ఎక్కేదాన్ని. "కడుపు పండని దానికి కాళ్ళు ఊరుకోవు. తురక బిడ్డకి శిలువలకాడ ఏం పని," అని మెట్ల మీద నుంచి వినపడేది. గేరు లేని బండి కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ మాటలకి ఎన్ని గేర్లు మార్చేదాన్నో.

చర్చి అంటే మీరేమనుకుంటారో గానీ, మా వైపు చర్చికి ఒక రూపం అంటూ లేదు. సరుగుడు తోట అంచున తాటాకు పాక, ముందు రెండు సరుగుడు కర్రలు అడ్డంగా కట్టి నిలబెడితే అదే శిలువ. రేకుల షెడ్డుకి నీలం రంగు వేసి, గోడ మీద ఎర్ర అక్షరాలతో వాక్యం రాస్తే అదొక చర్చి. పాలెం దగ్గర వేళాంగణి మాత గుడి ఉంది, అక్కడ వలలు బాగుచేసుకునేది మాత నీడలోనే. రొయ్యల గుంటల మధ్య గట్టు మీద ఒకటుంది, ఒక్క గది, దానికి కిటికీ లేదు గానీ మైకు ఉంది. తుఫానుకి శిలువ ఒరిగిపోతే అట్లాగే రంగు వేసి పెట్టారు ఒక ఊళ్ళో. నేల మీద కూర్చుని, తుమ్మచెట్ల కింద పడుకుని, దారికడ్డంగా బండి నిలిపి తీశాను. ఆ కాసేపు ఇల్లు గుర్తొచ్చేది కాదు.

శుక్రవారాలు జాకీర్ జుమ్మాకి పోతాడు, నాకు ఎక్కువ సమయం దొరుకుతుంది. ఆ రోజే చర్చిల్లో ఉపవాస ప్రార్థనలు ఉంటాయని నాకు తెలియదు. ఒక రేకుల షెడ్డు దగ్గర జనం వెళ్ళేదాకా ఆగుదామని బయట నిలబడ్డాను. లోపలంతా ఆడవాళ్ళే. చాపల మీద మోకాళ్ళేసి, కొంగు తల మీదకి లాక్కుని, ఒక్కసారిగా ఏడవడం మొదలుపెట్టారు. మామూలు ఏడుపు కాదు, ఎలుగెత్తి. ఎవరి కష్టం వాళ్ళు పేరు పేరునా చెప్పుకుంటున్నారు. ఎందుకు ఏడుస్తున్నావని ఎవరూ ఎవరినీ అడగడం లేదు. నేను అక్కడే అతుక్కుపోయాను. నాకు ఏడవడానికి ఇంట్లో ఉన్న చోటు బాత్రూం, అదీ పంపు తిప్పుకుని, అంగట్లోకి వినపడకుండా. మా ఊరి మసీదులో ఆడవాళ్ళకి చోటు లేదు. చిన్నప్పుడు దర్గాకి పోయి సమాధి చుట్టూ ఉన్న జాలీ పట్టుకుని అమ్మావాళ్ళు ఏడ్చేవాళ్ళు, పెళ్ళయ్యాక అది తప్పని జాకీర్ మాన్పించాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. ఆ మధ్యాహ్నం నేను కెమెరాని కంటికి ఆనించుకుని ఆ షెడ్డు బయట చాలాసేపు ఏడ్చాను. కెమెరా అడ్డం పెట్టుకున్న మనిషి ఏడుస్తోందని ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ప్రతి శుక్రవారమూ ఏదో ఒక చర్చికి వెళ్ళాను.

ఫోటోలు ఇంటికి తెచ్చాక శుభ్రం చేసేదాన్ని. కరెంటు తీగలు తీసేయడం, బకెట్లు తీసేయడం, మనుషుల్ని తీసేయడం. ఎంత ఆగి తీసినా ఎవరో ఒకరు మూల పడుతూనే ఉంటారు. చిమ్ముతూ ఒకామె, బోరింగు కొడుతూ ఒకామె, మెట్టు మీద బియ్యం ఏరుతూ ఒక ముసలామె. మగవాళ్ళు ఆదివారం వచ్చి ఆదివారం పోతారు. కాబట్టి నేను తీసేసిందంతా ఆడవాళ్ళనే. అప్పుడు అది నాకు తట్టలేదు. చేతి అలవాటు, కళ్ళు తెరిపించినట్టే. అయితే అసలు ఫోటోలు మాత్రం చెరపలేదు. నాయన అల్మారా గుర్తొచ్చి, వాటిని వేరే హార్డ్ డిస్కులో దాచాను.

దిబ్బపాలెం చర్చిని చివరికి పెట్టుకున్నాను, రెబెక్కమ్మ మాట మీద మొదలైంది కాబట్టి. ఎండాకాలం వచ్చేసింది. మధ్యాహ్నం వెళ్ళేసరికి తలుపుకి తాళం వేసి ఉంది. మెట్టు మీద ఒక అమ్మాయి, తలుపుకి తల ఆనించి, చీర కొంగు మెడ చుట్టూ తిప్పుకుని కూర్చుంది. వెలుగు చూసుకోవడానికి ఒక ఫోటో నొక్కాను. ఆమె లేస్తుందేమోనని ఆగాను. లేవలేదు. ఇంటి దగ్గర అత్తకి మందు వేళ అవుతోంది.

"కొంచెం పక్కకి జరుగుతావా అమ్మా, చర్చి ఫోటో తీసుకోవాల," అన్నాను.

ఆమె నవ్వింది. "నేను పడితే పాడైపోతాదా అక్కా?"

లేచేటప్పుడు కొంగు జారింది. మెడ మీద నల్లగా వేళ్ళ గుర్తులు. చెవి కింద బొటనవేలు, అటు పక్క తక్కిన నాలుగూ. నేను చూశానని ఆమె చూసింది. కొంగు సర్దుకోలేదు. చాలాకాలంగా ఎవరైనా చూస్తే బాగుండునని ఎదురుచూస్తున్నట్టు అట్లాగే నిలబడింది.

పేరు బిందు. రెబెక్కమ్మ కూతురే. రొయ్యల గుంటలున్న విజయభాస్కర్‌ని ప్రేమించి పెళ్ళి చేసుకుంది. అమ్మగారింటికి, చర్చికి పోకూడదనేది అతని ఇంటివాళ్ళ మాట. అతను మేత కోసం నెల్లూరు పోయిన రోజు ఇట్లా వచ్చి కూర్చుంటుందట.

"లోపలికి పోనని మాటిచ్చినా. బయట మెట్టు మీద కూచుంటే పోయినట్టు గాదులే అని," అంది.

"మీ అమ్మకి చెప్పలేదా?"

"అమ్మ వచ్చెయ్యమంటాది. ఆయన అమ్మ మిందకి వస్తాడని నాకు భయం. పాస్టరయ్యకి జెప్పినా. ఓర్చుకో, ప్రార్థన జేద్దాం అన్నాడు. మా అత్త, మగోడి చెయ్యి అట్నే ఉంటాది అనింది. ఇంగెవురికి జెప్పేది అక్కా. జెప్పుకుంటే మానం పోతాది."

చెప్పకుంటే ప్రాణం పోతుందన్నది ఆ సామెతలో మిగతా సగం. అది ఆమె అనలేదు, నేనూ అనలేదు. "అన్నీ సర్దుకుంటాయిలేమ్మా," అన్నాను. మూడు మతాలవాళ్ళం ఒక్క మాట మీద ఉన్నది ఈ విషయంలోనే. ఆమె తలూపి, పక్కకి జరిగి, నా కెమెరాకి అడ్డం రాకుండా వేపచెట్టు కిందకి వెళ్ళి నిలబడింది. నేను నా చర్చిని తీసుకున్నాను. నేల నుంచి శిలువ దాకా, మనిషి లేకుండా, చక్కగా వచ్చింది.

రెండు వారాలైనా కాలేదు, బిందు పోయింది. గుంట దగ్గర నీళ్ళు తిప్పే మోటారు పట్టుకుంటే కరెంటు కొట్టిందని బజారంతా చెప్పుకుంది. ఆ గుంటల్లో కరెంటు కొట్టి పోవడం కొత్తేమీ కాదు కాబట్టి ఎవరూ పెద్దగా అడగలేదు. తల్లి కాళ్ళావేళ్ళా పడినా వినకుండా పొద్దు వాలకముందే కాల్చేశారు. మా కోడలు, మా పద్ధతి అన్నారు. ఆ రాత్రి నేను చపాతీలు మాడ్చాను, అత్త అవి ఎత్తి చూపించింది, జాకీర్ పక్కకి నెట్టాడు. ఏమైందని నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నేమో.

రెబెక్కమ్మ అంగటికి వచ్చింది. చెప్పులు బయట విడిచి, కౌంటరు దగ్గరికి రాకుండా నేరుగా తెర పక్కకి వచ్చి నిలబడింది. జాకీర్ కుర్చీలోనే ఉన్నాడు.

"ఆ దినం మా గుడి ఫోటో దీస్తివంట గదా బీబమ్మా. బిందు ఫోన్లో జెప్పింది. ఒక అక్కొచ్చింది మా, నాతో మాట్లాడింది అనింది." ఆమె తెర అంచు పట్టుకుంది. "నా బిడ్డ అందులో పడిందా? మెడకాడ వాడు నొక్కింది నేను జూసినా. స్టేషన్లో జెప్తే, కాల్చేసినాక ఆనవాలు ఏముండాదమ్మా, నీ నోటిమాట జాలదు అంటుండారు. పడిందా తల్లీ?"

జాకీర్ నా వైపు చూశాడు. అతను కొట్టే మనిషి కాదు. ఒకసారి మాత్రం ఆల్బమ్ ఆలస్యమైందని దవడ పట్టుకుని నా మొహాన్ని కంప్యూటర్ వైపు తిప్పాడు, 'ఇటు జూడు, నీ పని ఇది' అని. ఆ చూపు చాలు.

"లేదమ్మా," అన్నాను. "మనుషులు పడకుండా తీస్తాను నేను."

"అట్నా," అంది రెబెక్కమ్మ. చెప్పులు వేసుకోవడం మర్చిపోయి ఎండలో నడిచి వెళ్ళిపోయింది. వెనక పరుగెత్తి ఇద్దామని చెప్పులు చేతిలోకి తీసుకుని, గడప దగ్గరే ఆగిపోయాను.

"మంచి పని జేసినావు," అన్నాడు జాకీర్. "విజయభాస్కర్ మనకి కావాల్సినోడు. ఆ గొడవల్లోకి మనమెందుకు."

తర్వాతి శుక్రవారం పొద్దున విజయభాస్కర్ మనిషిని పంపాడు. పెద్దకర్మకి నిలువెత్తు ఫ్లెక్సు కావాలట, వాకాడు సెంటర్లో కట్టడానికి. బిందు ఫోటోలేవీ లేవట. ఫోను గుంటలో పడిపోయిందట. పాతవన్నీ తల్లి దగ్గరున్నాయి, ఆమెని అడగరు. కాల్చేముందు వాళ్ళు కబురు పెడితే జాకీర్ వెళ్ళి తీసిన శవం ఫోటోతోనే చెయ్యాలి.

"మెడకాడ మచ్చ ఉండాది, అది తీసెయ్. నవ్వు మొహం రావాల. కండ్లు నీవే పెట్టు, సరిపోతాయి, వయసు గూడా దగ్గిరే," అని చెప్పి, నమాజు కోసం కాళ్ళూ చేతులూ కడిగి వుజూ చేసుకుని, టోపీ పెట్టుకుని జుమ్మాకి వెళ్ళాడు జాకీర్.

కూర్చున్నాను. నిజం చెప్పాలంటే చేతులు వాటంతట అవే మొదలుపెట్టాయి. ముక్కులో దూది తీశాను. జుట్టు దువ్వాను. కళ్ళు తెచ్చి పెట్టాను, అంచులు కలిపాను, రంగు సరిచేశాను. ఇంక మిగిలింది మెడ. దగ్గరగా చూడాలని బొమ్మని పెద్దది చేశాను. తెర నిండా మెడ వచ్చింది. చెవి కింద బొటనవేలు. అటు పక్క నాలుగు. పాతవి పచ్చబడ్డాయి, వాటి మీద కొత్తవి, ఇంకా లోతుగా. కరెంటుకి వేళ్ళుండవు. ఎన్నో చర్మాలు బాగుచేసిన దాన్ని, ఏ మచ్చ దేనిదో నాకు తెలుసు. పక్కనున్న మంచి చర్మాన్ని తెచ్చి మచ్చ మీద కప్పితే చాలు, రెండు నిమిషాల పని. మౌస్ మీద చెయ్యి పెట్టుకుని మళ్ళీ బొమ్మని చిన్నది చేశాను. అప్పుడు మొహమూ మెడా కలిపి కనపడ్డాయి.

నేను చచ్చిపోయి ఉన్నాను. మెడ మీద వేళ్ళ గుర్తులతో, నుదుట ఎవరో పెట్టిన బొట్టుతో, పూలదండ కోసం సిద్ధంగా, నా కళ్ళతో నన్నే చూస్తున్నాను. చెయ్యి నా మెడ దగ్గరికి వెళ్ళింది. కుర్చీలోంచి లేచి గోడ పట్టుకున్నాను. ఇన్నేళ్ళుగా ఈ గదిలో నేను చేసిందేమిటో ఒక్కసారిగా తెలిసొచ్చింది. ఎవరు ఎట్లా చచ్చినా నా కళ్ళు పెట్టి, నవ్వించి, శుభ్రంగా ఇంటికి పంపించాను. రేపు నేను పోయినా జాకీర్‌కి ఇబ్బంది లేదు, నా కళ్ళు కంప్యూటర్లో ఉన్నాయి. పైన అత్త పిలుస్తోంది, "నజ్మా, అన్నం." నేను పలకలేదు. నాకు గుర్తున్నంతలో ఆ ఇంట్లో పిలుపుకి పలక్కపోవడం అదే మొదలు.

ముందు నా కళ్ళు తీసేశాను. బిందు మళ్ళీ కళ్ళు మూసుకుంది. తర్వాత హార్డ్ డిస్కు తగిలించి, వెలుగు చూసుకోవడానికి నొక్కిన ఆ ఫోటో తెరిచాను. మెట్టు, తాళం వేసిన తలుపు, తలుపుకి ఆనించిన తల. కొంగు మెడ చుట్టూ తిప్పుకుంది గానీ ఎడమ పక్క పూర్తిగా కప్పలేదు. చెవి కింద గుర్తు స్పష్టంగా ఉంది. కింద తేదీ ఉంది. నవ్వడం లేదు, ఏడవడం లేదు, సూటిగా నా వైపే చూస్తోంది. పైన శిలువ దాకా మొత్తం వచ్చింది. ఇన్ని నెలలు తిరిగి తీసినవాటిలో ఇంత మంచి ఫోటో ఇంకోటి లేదు.

మెషీన్లో విజయభాస్కర్ ఫ్లెక్సు కోసం జాకీర్ ఎక్కించిన చుట్ట అట్లాగే ఉంది. ఆ ఫోటోనే పంపాను. ఆ మెషీను నిదానం. అటూ ఇటూ తిరుగుతూ గీత గీతగా దించుతుంది. శిలువ వచ్చింది, నీలం గోడ వచ్చింది, బిందు జుట్టు వచ్చింది, నుదురు, కళ్ళు. మసీదులో నమాజు అయిపోతే జాకీర్ రావడానికి ఎంతోసేపు పట్టదు. నేను మెషీను పక్కన నిలబడి దాన్ని తొందరపెట్టలేక నా వేళ్ళు నేనే కొరుక్కున్నాను. మెడ దిగింది. మెట్టు దిగింది. కోసి, చుట్టి, బురఖా తగిలించుకుని, హార్డ్ డిస్కు సంచిలో వేసుకుని, మూలనున్న రెబెక్కమ్మ చెప్పులు కూడా తీసుకుని బయటికొచ్చాను. అంగడి షట్టరు వెయ్యలేదు.

రెబెక్కమ్మ చర్చి లోపల చిమ్ముతోంది. బిడ్డ పోయినా చీపురు ఆగలేదు. నేను చుట్టని ఆ నేల మీదే విప్పాను. ఆమె చీపురు పక్కన పెట్టి కూర్చుంది. పాదాల దగ్గర మొదలుపెట్టి, చేత్తో తడుముతూ, మోకాళ్ళ మీద జరుగుతూ మొహం దగ్గరికి వచ్చింది. అక్కడ చెయ్యి ఆపి నా వైపు చూసింది. మా అంగడి పటాల్లో కళ్ళు పోయినవాళ్ళవి కావని ఊళ్ళో అనుకునే మాట ఆమెకీ తెలుసు మరి.

"ఈ కండ్లు నా బిడ్డవేనా?"

"బిడ్డవేనమ్మా. నేనేం ముట్టుకోలేదు."

అప్పుడు ఏడ్చింది. ఆ చర్చి అంతా ఏడ్చింది. నేను కూడా కెమెరా అడ్డం లేకుండా ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను. "ఆ దినం ఉండాదని చెప్పుంటే," అంది ఒకసారి. తర్వాత లేచి, స్టేషన్‌కి పోదామని ఫ్లెక్సు చుట్టడం మొదలుపెట్టింది.

దిబ్బపాలెం నుంచి స్టేషన్‌కి పోవాలంటే బజారు లోంచే పోవాలి, మా అంగడి ముందు నుంచే. బండి వెనక రెబెక్కమ్మ, ఆమె ఒడిలో అడ్డంగా ఫ్లెక్సు చుట్ట. సంచిలో ఫోను మోగుతూనే ఉంది. ఈ దారిన పోయాక మళ్ళీ ఆ మెట్లెక్కి ఇంట్లోకి పోగలనో లేదో తెలియదు. గూడూరులో నాయన ఇల్లు కూడా లేదు. సాయంత్రం అత్తకి సూది ఎవరు వేస్తారు అని ఒక ఆలోచన, ఆ సమయంలో కూడా. స్టేషన్లో వింటారో, నవ్వి పంపిస్తారో, విజయభాస్కర్‌కి ఫోన్ చేస్తారో. భయం భయంగానే ఉంది, ఏమీ తగ్గలేదు.

మలుపు తిరగగానే జాకీర్ కనపడ్డాడు. ఇంకా టోపీ తీయలేదు. అంగడి మెట్టు మీద నిలబడి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ముందు నన్ను, తర్వాత వెనకున్న ఆమెని, తర్వాత ఆ చుట్టని చూశాడు.

"నజ్మా, ఆపు," అన్నాడు.

రెబెక్కమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. "ఈ ఫోటో ఎవురు దీసినారని అడుగుతారు బీబమ్మా. నీ సంసారం పాడైతాది. యాడో దొరికిందని జెప్తాలే."

నేను బండి ఆపలేదు.

"నేను తీశానని చెప్పు," అన్నాను. "నా పేరు నజ్మా."